తుంగభద్ర గట్టున అంతర్జాతీయ సమస్య
(హైదరాబాదు ఉదంతం: బీభత్సం, విదేశాంగ విధానం)

విదేశాంగ విధానం అనగానే అది ఢిల్లీ కార్యాలయాల్లోనో, న్యూయార్కు సమావేశ మందిరాల్లోనో తయారయ్యే వ్యవహారమనీ, దానితో కథకుడికీ కవికీ పని లేదనీ మనలో చాలామందిమి అనుకుంటాం. టెర్రరిజం మాట వస్తే మరీ దూరం పోతాం. 2001లో న్యూయార్కు, 2008లో ముంబయి, 2025లో పహల్గాం. సాహిత్య విద్యార్థి కూడా ఈ పేర్లనే వల్లె వేస్తున్నాడు. కానీ ఊళ్లమీద పడిన బీభత్సం ఒక దేశపు విదేశాంగ నీతిని ఎలా మలుస్తుందో, ఆ నీతి తిరిగివచ్చి అదే ఊళ్లమీద ఎలా పడుతుందో తెలుసుకోవడానికి మనం సముద్రాలు దాటనక్కరలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు ఒకప్పుడు అటువంటి సమస్య నడిమధ్యనే ఉన్నాయి. 1947 ఆగస్టు నుంచి 1948 సెప్టెంబరు దాకా నడిచిన పదమూడు నెలల చరిత్ర అది.

ఆ చరిత్రను సాధారణంగా రెండు విధాలుగా చెబుతారు. రజాకార్ల దురాగతాలు, పటేలు రంగప్రవేశం, పోలీసు చర్య, విముక్తి అన్నది ఒక కథ. భూమికోసం, భుక్తికోసం సాగిన రైతాంగ పోరాటం రెండో కథ. ఈ రెంటినీ కలిపే మూడో పోగు ఒకటుంది. అది దౌత్యం. ఆ పోగును పట్టుకుని లాగితే ఒక ముఖ్యమైన విషయం బయటపడుతుంది. బీభత్సం దానంతట అది ఏ దేశపు విదేశాంగ నీతినీ మార్చదు. దానికి ఎవరు పేరు పెట్టారు, ఏ పేరు పెట్టారు, ఏ వేదికమీద పెట్టారు అన్నదే మారుస్తుంది. ఆ పేరు పెట్టే హక్కు మాత్రం దెబ్బతిన్నవాడికి దక్కదు.

నది సరిహద్దు అయిన కాలం

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని జనం నడిగడ్డ అంటారు. అలంపురం దగ్గర తుంగభద్ర దాటితే కర్నూలు. 1947 ఆగస్టు 15కు ముందు ఈ గట్టు నిజాం రాజ్యం, ఆ గట్టు బ్రిటిష్ వారి మద్రాసు రాజధాని. రెండింటిపైనా తెల్లవాడి నీడ ఉండేది కనుక నది నదిగానే ఉండేది. సంతకు పోయేవాడు పోయేవాడు, పిల్లనిచ్చేవాడు ఇచ్చేవాడు.

ఆగస్టు 15తో ఆ గట్టు స్వతంత్ర భారతదేశమైంది. ఈ గట్టున ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తాను ఏ దేశంలోనూ చేరనని జూన్‌లోనే ఫర్మానా ఇచ్చి ఉన్నాడు. దాంతో తుంగభద్ర రాత్రికి రాత్రి అంతర్జాతీయ సరిహద్దు అయ్యీ కానట్టు తయారైంది. గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు, గోపాలుపేట సంస్థానాలు నిజాంకు కప్పం కట్టేవి. కవులనూ పండితులనూ పోషించి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానంలో కూడా రైతు వెట్టికి మాత్రం పోషణ తక్కువేమీ లేదు. పైన నిజాం, మధ్యలో సంస్థానాధీశుడు, కింద పటేలు పట్వారీ. ఈ మూడంచెల బరువు మోస్తున్నవాడికి నదికి ఆ గట్టున జెండా మారిందన్న వార్త చిన్న వార్త కాదు.

జెండా ఎత్తినవాళ్లమీద లాఠీ, తూటా విరుచుకుపడ్డాయి. 1947 అక్టోబరులో ఆత్మకూరు సంస్థాన ప్రాంతంలోని అప్పంపల్లిలో పోలీసుల కాల్పులకు పదిమందికి పైగా గ్రామీణులు నేలకొరిగారు. ప్రాణభయంతో సరిహద్దు దాటి యూనియన్ భూభాగంలోకి పోయేవారు పోతున్నారు. అక్కడ స్టేట్ కాంగ్రెసు వారు సరిహద్దు శిబిరాలు నడుపుతున్నారు. బీభత్సం విదేశాంగ సమస్యగా మారే క్రమంలో మొదటి మెట్టు ఇదే. ఊరివాడు నది దాటగానే వాడి కష్టానికి రెండు ప్రభుత్వాలు వచ్చి చేరాయి. ఒక ప్రభుత్వానికి వాడు శరణార్థి. రెండో ప్రభుత్వానికి వాడు పొరుగు దేశం ఉసిగొల్పిన అల్లరిమూక.

బీభత్సం సంతకాన్ని ఆపిన తెల్లవారుజాము

రజాకారు అంటే స్వచ్ఛంద సేవకుడు. అంత మంచి మాట ఇంత చెడ్డ అర్థాన్ని సంపాదించుకోవడం మన భాషా చరిత్రలో అరుదు. ఇత్తెహాదుల్ ముసల్మీన్ సంస్థకు అనుబంధంగా, లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వంలో పెరిగిన ఈ దళాలను మతోన్మాదం అన్న ఒక్క మాటతో వివరించి ఊరుకుంటే సగం సత్యమే చెప్పినట్టు. గడీల్లో వాళ్లకు విడిది ఇచ్చి, అన్నం పెట్టి, సంగం నాయకుల ఇళ్లు చూపించిన దేశ్‌ముఖులు హిందువులే. రజ్వీని ఎదిరించిన మఖ్దూం మొహియుద్దీను, షోయబుల్లాఖాను ముస్లిములే. పాలకవర్గం తన కాళ్లకింది నేల కదులుతున్నప్పుడు చేతికందిన కర్రనల్లా పట్టుకుంటుంది. ఆనాడు చేతికందిన కర్ర అది.

ఆ కర్ర ఊళ్లలో ఆగలేదు. నేరుగా దౌత్యపు బల్ల దగ్గరికే వచ్చింది. 1947 అక్టోబరులో నిజాం తరఫున ప్రధాని ఛత్తారీ నవాబు, బ్రిటిష్ న్యాయవాది వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మదు ఢిల్లీతో సంప్రదించి యథాతథ ఒప్పందం ముసాయిదా సిద్ధం చేశారు. 27వ తేదీ ఉదయం విమానమెక్కి ఢిల్లీ పోవలసి ఉంది. ఆ తెల్లవారుజామున వేలాది మంది ఇత్తెహాదు కార్యకర్తలు ఆ ముగ్గురి ఇళ్లనూ ముట్టడించారు. వాళ్లు కదలలేకపోయారు. నిజాం వెనక్కు తగ్గాడు. ఛత్తారీ రాజీనామా చేశాడు. కొద్ది వారాలకు ఇత్తెహాదుకు ఇష్టుడైన మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు.

కొత్త బృందం ఢిల్లీ వెళ్లి సాధించింది ఏమిటి? నవంబరు 29న సంతకమైన ఒప్పందం సారాంశంలో పాత ముసాయిదాయే. సంవత్సరంపాటు విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణాలకు సంబంధించిన పాత ఏర్పాట్లు కొనసాగాలన్నదే అది. కాగితం మారలేదు. కాగితం పట్టుకున్న చేతులు మారాయి. బీభత్సం విదేశాంగ నీతిని మార్చే రెండో మెట్టు ఇది. షరతులకంటే ముందు మనుషులను మారుస్తుంది. రాజీకి ఒప్పుకోగల మధ్యస్థుడిని మొదట ఇంటికి పంపుతుంది. ఆ తర్వాత బల్లకు అటూ ఇటూ తగ్గితే తల పోతుందనుకునే వాళ్లే మిగులుతారు.

ఆ తేదీని ఇంకో విధంగా కూడా గమనించాలి. 1947 అక్టోబరు 27ననే భారత సైన్యం శ్రీనగరులో దిగింది. పాకిస్తాన్ వైపునుంచి వచ్చిన సాయుధ గిరిజన దళాలు కాశ్మీరంలోకి చొరబడి, మహారాజు భారతదేశంలో చేరుతూ సంతకం చేసిన మరునాడన్నమాట. ఢిల్లీ కాశ్మీరంలో చిక్కుకుంది కనుక ఇప్పుడు గట్టిగా నిలబడితే ఎక్కువ రాబట్టవచ్చునన్నది రజ్వీ లెక్క. అలా శ్రీనగరులో జరిగేదానికీ నడిగడ్డలో జరిగేదానికీ ముడి పడింది. ఒక చోటి బీభత్సం మరో చోటి బేరానికి పెట్టుబడి అయింది.

ఒక రోజు, రెండు కబుర్లు

యథాతథ ఒప్పందం కాగితంమీద బతికింది, నేలమీద బతకలేదు. నిజాం ప్రభుత్వం భారత నాణేన్ని తన రాజ్యంలో చెల్లకుండా చేసింది. ఇరవై కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ సెక్యూరిటీలను పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. సముద్రానికి దారి కోసం పోర్చుగీసు గోవా రేవు వైపు చూసింది. 1948 వేసవిలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. ఇటు భారత ప్రభుత్వం సరిహద్దులు బిగించింది. సరుకులు రానివ్వలేదు. దీనికి దిగ్బంధం అని నిజాం పేరు పెడితే, అటువంటిదేమీ లేదని ఢిల్లీ అన్నది. మందు దొరకని రోగికి ఆ రెండు మాటలకూ తేడా లేదు.

1948 మే నెలలో గంగాపూరు స్టేషనులో మద్రాసు నుంచి బొంబాయి పోయే మెయిలు మీద దాడి జరిగింది. రైలు రెండు రాజ్యాల ప్రజలను మోస్తుంది కనుక ఆ దాడి వెంటనే దౌత్యపత్రాల్లోకి ఎక్కింది. అంతకుముందు ఎన్నో ఊళ్లు కాలాయి. ఆ ఊళ్లకు అంత తొందరగా దౌత్యపత్రాల్లో చోటు దొరకలేదు. భారత ప్రభుత్వం ఆ ఏడాదే హైదరాబాదుపై శ్వేతపత్రం వెలువరించింది. రజాకార్ల దురాగతాల పట్టికతోపాటు, కమ్యూనిస్టుల బెడద కూడా వాదంలో భాగమైంది. మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తివేయడం ఆ వాదానికి ఊతమిచ్చింది. రజాకార్లతో ముఖాముఖి పోరాడి చనిపోతున్న రైతులను రజాకార్ల పక్కనే నిలబెట్టి, ఇద్దరినీ ఒకే గాటన కట్టే పని అప్పుడే మొదలైంది. ఆ ముడి పర్యవసానం ఏమిటో కొన్ని నెలలకే తేలింది.

రచయితలమైన మనం మరచిపోరాని తేదీ 1948 ఆగస్టు 21. ఆ రోజున నిజాం ప్రభుత్వం భద్రతా సమితికి ఫిర్యాదు పంపింది. భారతదేశం హింసకూ బెదిరింపుకూ దిగుతున్నదనీ, అంతర్జాతీయ శాంతికి భంగమనీ దాని సారాంశం. ఆ రాత్రే హైదరాబాదులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాను పని ముగించుకుని కాచిగూడలోని ఇంటికి వస్తుండగా రజాకార్లు కాల్చారు, చేయి నరికారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలనీ రజాకార్లను అదుపు చేయాలనీ రాయడమే అతని నేరం. వ్యతిరేకంగా రాసే చేతులను నరకాలన్న బెదిరింపు బహిరంగ సభలోనే వినిపించింది. ఒక చేయి బాధితుడినని అంతర్జాతీయ వేదికకు తంతి రాస్తున్నది. నిజం రాసిన చేయి తెగి వీధిలో పడింది. ఆ రెండు చేతులూ ఒకే రాజ్యానివి.

మరో ఆరు రోజులకు, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి బురుజుమీద నుంచి తమ ఊరిని కాపాడుకుంటున్న జనాన్ని రజాకార్లూ నిజాం సేనలూ కలిసి మట్టుపెట్టారు. సుమారు వందమంది చనిపోయారు. భద్రతా సమితికి బైరాన్‌పల్లి తంతి ఇవ్వలేదు. ఇచ్చే అర్హత దానికి లేదు. సమితి తలుపు రాజ్యాలకే తెరుచుకుంటుంది.

పేరు పెట్టడంలోనే ఉంది

సెప్టెంబరు 11న జిన్నా మరణించాడు. 13న భారత సైన్యం కదిలింది. ప్రధాన దళాలు సోలాపూరు వైపు నుంచీ బెజవాడ వైపు నుంచీ వచ్చాయి. హొస్పేట వైపున తుంగభద్ర దగ్గర కూడా దళాలు కదిలాయి. 17వ తేదీ సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూసు, మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరికి లొంగిపోయాడు. ట్యాంకులు, విమానాలు, ఫిరంగులు పాల్గొన్న ఈ ఐదు రోజుల దండయాత్రకు సైన్యం లోపల ఆపరేషన్ పోలో అని పేరు. లోకానికి మాత్రం పోలీసు చర్య.

ఈ పేరును మనం దశాబ్దాలుగా ఆలోచించకుండా వాడుతున్నాం. ఆ పేరు ఎందుకు పుట్టిందో గ్రహిస్తే విదేశాంగ నీతి గుట్టు తెలుస్తుంది. 1948 జనవరి 1న భారతదేశం కాశ్మీరు సమస్యను తానే భద్రతా సమితికి తీసుకుపోయింది. చొరబాటుదార్లకు పాకిస్తాన్ సాయపడుతున్నదన్నది ఫిర్యాదు. న్యాయం దొరుకుతుందనుకుంటే, వివాదం రెండు సమాన పక్షాల తగవుగా మారిపోయింది. ఆ చేదు ఇంకా నాలుకమీదనే ఉండగా హైదరాబాదు వచ్చింది. యుద్ధం అంటే రెండు రాజ్యాల మధ్య జరిగేది. అందులో సమితికి జోక్యం చేసుకునే హక్కుంటుంది. పోలీసు చర్య అంటే ఇంటివాడు తన ఇంట్లో అల్లరి అణచడం. పొరుగువాడు తలుపు తట్టడానికి వీల్లేదు.

అందువల్ల ఒకే ప్రభుత్వం ఒకే సంవత్సరంలో కాశ్మీరు బీభత్సాన్ని బయటిదన్నది, హైదరాబాదు బీభత్సాన్ని లోపలిదన్నది. పాకిస్తాన్ సరిగ్గా తలకిందులు చేసింది. దానికి కాశ్మీరులో చొరబడినవారు తమంతట తాము వెళ్లిన గిరిజనులు, హైదరాబాదులో జరిగింది మాత్రం ఒక రాజ్యంపై మరో రాజ్యపు దురాక్రమణ. భారతదేశపు వాదంలో భౌగోళిక న్యాయం ఉంది, అంతకంటే ముఖ్యంగా ప్రజల ఆకాంక్ష ఉంది. హైదరాబాదు ప్రజల్లో అత్యధికులు నిజాం పాలనను వదిలించుకోవాలనే కోరారు. దాన్ని కాదనలేం. కానీ దౌత్యంలో వాదం గెలిచింది ఆ ఆకాంక్షను చెప్పి కాదు, పేరును నిలబెట్టి.

పారిస్‌లో భద్రతా సమితి సెప్టెంబరు 16న సమావేశమైంది. హైదరాబాదు ప్రశ్నను చర్చకు చేర్చడానికి ఎనిమిది ఓట్లు అనుకూలంగా పడ్డాయి. వ్యతిరేకంగా ఎవరూ లేరు. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నాయి. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగు, భారతదేశం తరఫున ఆర్కాటు రామస్వామి మొదలియారు మాట్లాడారు. హైదరాబాదు అసలు రాజ్యమే కాదు, సమితి గడప తొక్కే అర్హతే దానికి లేదన్నది మొదలియారు వాదం. ఆయన పుట్టింది కర్నూలులో. తుంగభద్రకు ఆ గట్టునన్నమాట. ఈ గట్టు రాజ్యమా కాదా అన్న వాదం పారిస్‌లో, ఆ గట్టున పుట్టిన మనిషి నోట నడిచింది. గట్టుమీది మనుషులను మాత్రం ఎవరూ పిలవలేదు.

సెప్టెంబరు 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకుంటూ తంతి ఇచ్చాడు. తన చుట్టూ సైన్యం ఉండగా ఇచ్చిన తంతికి విలువెంతన్న అనుమానం సమితిలో వినిపించింది. 1949 మే నెలలో పాకిస్తాన్ మళ్లీ విషయం లేవనెత్తింది. నిర్ణయమేదీ రాలేదు. అయినా సమితి ముందున్న అంశాల పట్టికలో హైదరాబాదు పేరు దశాబ్దాలపాటు నిలిచిపోయింది. బీభత్సం పుట్టించిన దౌత్య వివాదం, బీభత్సం కంటే ఎక్కువ కాలం బతుకుతుందన్నదానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

గెలుపు తర్వాతి లెక్కలు

సైనిక విజయం తర్వాత మరో బీభత్సం జరిగింది. మరాఠ్వాడా, బీదరు, గుల్బర్గా ప్రాంతాల్లో ముస్లిం జనంమీద విరుచుకుపడిన హత్యాకాండ అది. రజాకారు ఎవరో, బట్టలు నేసుకు బతికేవాడెవరో చూడని ప్రతీకారం. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల సంఘం ఆ ప్రాంతాలు తిరిగి నివేదిక ఇచ్చింది. చనిపోయినవారి సంఖ్యను 27,000 నుంచి 40,000 దాకా అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం అచ్చువేయలేదు. 2013 నాటికి గానీ అది మామూలు పాఠకుడి కంటపడలేదు. అప్పటికి ఆరు దశాబ్దాలు దాటాయి. ఒక బీభత్సానికి శ్వేతపత్రం, మరో బీభత్సానికి బీరువా. మొదటిది ప్రపంచానికి చూపవలసినది, రెండోది ప్రపంచం చూడరానిది. ఈ విభజన చేసేది మానవత్వం కాదు, రాజ్యప్రయోజనం.

రెండో లెక్క రైతాంగానిది. రజాకార్లు పోయారు కదా అని భూమి పంచుకున్నవాడు ఊపిరి పీల్చుకునేలోగా, గడీ విడిచి పారిపోయిన దొర యూనియన్ సైన్యం వెంట తిరిగివచ్చాడు. ఒకే గాటన కట్టిన ముడి అక్కరకొచ్చింది. పోరాట దళాలు నల్లమలలోకి, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అడవుల్లోకి తప్పుకున్నాయి. ఉద్యమం బలంగా ఉన్న అటవీ ప్రాంతాల్లో గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని కాపలా మధ్య శిబిరాల్లో ఉంచారు. ఇంచుమించు అదే కాలంలో బ్రిటిష్ వారు మలయా అడవుల్లో ప్రయోగించిన పద్ధతికి ఇది తోబుట్టువు. ప్రజలను అణచే విద్యకు సరిహద్దులు ఎన్నడూ అడ్డు కాలేదు.

ఈ అడవుల పోరాటం కూడా అంతర్జాతీయ ప్రశ్నే అయింది. 1951 మొదట్లో అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌తో చర్చించారు. చైనాకు ఉన్నట్టు వెన్నుదన్నుగా ఒక మిత్రదేశపు సరిహద్దు మీకు లేదన్న విషయం ఆ చర్చల్లో వచ్చింది. సరిహద్దు ఎక్కడుందన్న ప్రశ్న మళ్లీ వచ్చిందన్నమాట. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. మరణశిక్ష పడిన తెలంగాణ రైతుబిడ్డల తరఫున బ్రిటిష్ న్యాయవాది డి. ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. దేశదేశాల ప్రజాతంత్రవాదులు గొంతు కలిపారు. ఉరి తప్పింది. రాజ్యాల సంబంధాలకు సమాంతరంగా ప్రజల అంతర్జాతీయ సంబంధాలు కూడా ఉంటాయన్నందుకు ఇది సాక్ష్యం.

మూడో లెక్క డబ్బుది. 1948 సెప్టెంబరులో, నిజాం లొంగిపోయిన రోజుల్లోనే, పది లక్షల పౌన్లకు పైగా సొమ్ము లండను వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. దానిమీద వ్యాజ్యం తేలింది ఎప్పుడో తెలుసా? 2019 అక్టోబరులో. అప్పటికి మూడున్నర కోట్ల పౌన్లయిన ఆ సొమ్ము నిజాం వారసులదీ భారతదేశానిదీ అని లండను హైకోర్టు తీర్పు చెప్పింది. బ్యాంకులో డబ్బు డెబ్బై ఏళ్లలో ముప్పై అయిదు రెట్లు పెరిగింది. అప్పంపల్లి చావులకు వడ్డీ కట్టిన బ్యాంకు లేదు.

వ్యక్తుల కథలు కూడా గమనించదగినవే. లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. ఖాసిం రజ్వీ జైలుశిక్ష అనుభవించి 1957లో అదే దారి పట్టాడు. వనపర్తి సంస్థాన వారసుడు జె. రామేశ్వరరావు భారత దౌత్యవేత్తగా ఆఫ్రికాలో పనిచేసి, 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. నిన్నటి కప్పం కట్టే సంస్థానం నుంచి నేటి స్వతంత్ర దేశపు రాయబారి! వర్గాలు తమ స్థానాలను సర్దుకోవడంలో చూపే నేర్పు దౌత్యంకంటే గొప్పది.

నేటి ప్రపంచానికి ఇదెట్లా వర్తిస్తుంది?

టెర్రరిజానికి అందరూ ఒప్పుకున్న నిర్వచనం ప్రపంచానికి నేటికీ లేదు. 1934లో మార్సేల్సులో యుగోస్లావియా రాజు హత్య జరిగాక నానాజాతి సమితి 1937లో ఒక ఒడంబడిక తయారు చేసింది. అది అమలులోకి రాలేదు. దాన్ని ధృవీకరించిన దేశం ఒక్కటే. అది బ్రిటిష్ పాలనలోని భారతదేశం! స్వాతంత్ర్యం కోసం ఉరికంబమెక్కిన యువకులను టెర్రరిస్టులని పిలిచిన ప్రభుత్వానికే ఆ ఒడంబడిక అంత ముద్దొచ్చింది. 1996లో స్వతంత్ర భారతదేశం ఐక్యరాజ్య సమితిలో సమగ్ర ఒడంబడికను ప్రతిపాదించింది. అది ఇంకా ఆమోదం పొందలేదు. జాతీయ విముక్తి పోరాటాన్ని ఎట్లా చూడాలి, ప్రభుత్వాల సైన్యాలు చేసే బీభత్సాన్ని ఏమనాలి అన్న ప్రశ్నల దగ్గర అది నిలిచిపోయింది.

నిర్వచనం లేకపోయినా నిర్బంధం ఆగలేదు. 2001 సెప్టెంబరు 28న భద్రతా సమితి 1373వ తీర్మానం చేసి, టెర్రరిస్టులకు డబ్బు అందకుండా చట్టాలు చేయాలని అన్ని దేశాలనూ ఆదేశించింది. పేరు ఎవరికి పెట్టాలన్నది మాత్రం ఆయా ప్రభుత్వాలకే వదిలేసినట్టయింది. అదే ఏడాది అమెరికా ఆఫ్ఘనిస్తాన్ మీదికి పోయింది. నిన్నటిదాకా అంటరానివైన సైనిక నియంతృత్వాలు రాత్రికి రాత్రి మిత్రపక్షాలయ్యాయి.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపిన ఘోరం తర్వాత ఏం జరిగిందో చూడండి. మరునాడే భారతదేశం 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని నిలుపుదల చేసింది. మే 7న సరిహద్దు ఆవల దాడులు చేసింది. ఆ తర్వాత తన వాదం వినిపించడానికి అఖిలపక్ష బృందాలను దేశదేశాలకు పంపింది. నదినీళ్లు దౌత్యాయుధమయ్యాయి. నది ఒక్క పూటలో సరిహద్దుగా మారడమంటే ఏమిటో నడిగడ్డ వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ బృందాల్లో ఒకదానిలో హైదరాబాదు పార్లమెంటు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ కూడా ఉన్నారు. ఆయన పార్టీ పాత ఇత్తెహాదు పేరుతోనే, కొత్త నియమావళితో 1958లో పునరుద్ధరణ పొందినది. 1948లో పారిస్‌లో భారతదేశాన్ని బోనెక్కించిన పక్షపు పేరున్న పార్టీ నాయకుడు, 2025లో గల్ఫు దేశాల్లో భారతదేశం పక్షాన మాట్లాడారు. పేర్లు మిగులుతాయి, వాటి లోపలి మనుషులూ అవసరాలూ మారిపోతాయి. పేరును చూసి మనిషిని తూచేవాడు చరిత్ర చదవనివాడు.

బీభత్సం మీద ప్రభుత్వం స్పందించకూడదని ఎవరూ అనరు. పహల్గాంలో పడిన శవాలూ బైరాన్‌పల్లిలో పడిన శవాలూ న్యాయం కోరేవే. కానీ ఆ న్యాయం పేరిట జరిగే ప్రతి పనినీ శవాల ఖాతాలో రాసేయడానికి వీల్లేదు.

రచయిత చేయవలసిన పని

బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక స్థాపించి, 1934లో 354 మంది తెలంగాణ కవులను ఒకచోట చేర్చి గోలకొండ కవుల సంచిక వెలువరించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు అది జవాబు. ఉన్నవాడిని లేడనే మాటకు జవాబు పేర్లు రాయడమేనని ఆయన మనకు నేర్పారు. అప్పంపల్లిలో పడినవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు? నది దాటి కర్నూలు వైపు పోయి తలదాచుకున్నవాళ్ల కథ ఎన్ని నవలల్లోకి వచ్చింది? రైతాంగ పోరాటంమీద మనకు మంచి నవలలున్నాయి. వాటిలో నల్లగొండ, వరంగల్లు కనిపించినంతగా పాలమూరు కనిపించదు. సుందర్‌లాల్ నివేదికలోని మృతుల గురించి తెలుగులో వచ్చినది మరీ స్వల్పం.

శ్వేతపత్రం రాసేవాడు ఒక పక్షం శవాలనే లెక్కపెడతాడు. అది అతని ఉద్యోగం. రచయిత ఉద్యోగం అది కాదు. రజాకారు నరికిన చేతినీ, రజాకారు పేరుతో నరికిన అమాయకుడి మెడనూ, కమ్యూనిస్టు పేరుతో కాల్చిన రైతునూ ఒకే పుస్తకంలో రాయగలిగినవాడే రచయిత. అలా రాస్తే రెండు పక్షాలకూ కోపం వస్తుంది. షోయబుల్లాఖానుకు ఆ సంగతి తెలుసు. తెలిసే రాశాడు.

1948 నాటికి ఊహ తెలిసినవాళ్లు ఈ మూడు జిల్లాల్లో ఇక కొద్దిమందే మిగిలారు. సాహిత్య విద్యార్థులు ఈ వేసవి సెలవుల్లో అలంపురం, ఆత్మకూరు, అమ్రాబాదు ఊళ్లకు ఒక్కసారి వెళ్లి ఆ ముసలివాళ్ల పక్కన కూర్చోవాలి. పారిస్‌లో జరిగిన చర్చకు అక్షరం పొల్లుపోని రికార్డు ఉంది. ఈ గట్టున జరిగినదానికి లేదు. ఆ రికార్డు మనం రాయకపోతే, రేపు మరో ప్రభుత్వం మరో పేరు పెట్టినప్పుడు కాదనడానికి మన దగ్గర కాగితం ఉండదు.